రాణి పక్కన రాజు

“శ్రీరామమూర్తి గారు రాకపోతే నేనూ రానండి.”

రత్నమాణిక్యం ఆ మాట అనేసరికి హార్మోనియం ఆగిపోయింది. రామచంద్రపురం కల్యాణ మండపం మేడ మీద రిహార్సల్‌కి చేరిన నాటక సమాజమంతా విశ్వనాథ్ వైపు చూసింది.

విశ్వనాథ్ ఆ సమాజానికి కార్యదర్శి. మలేషియా నుంచి పొద్దున్నే ఫ్యాక్స్ వచ్చింది. ‘రాణీ చంద్రవంక’ సంగీత నాటకాన్ని అక్కడి తెలుగువాళ్ల ముందు ఆడాలి. రాణి వేషానికి రత్నమాణిక్యమే కావాలి. ఆవిడ పద్యాల క్యాసెట్లంటే అక్కడివాళ్లు ప్రాణం పెడతారు. రాజు మాత్రం మారాలి. అరవై దాటిన మనిషి ప్రేమ పద్యాలు పాడితే అక్కడి కుర్రకారు నవ్వుతారట. వయసులో ఉన్నవాణ్ణి పెట్టమన్నారు. సాయంత్రంలోగా పేర్లు పంపమన్నారు.

“కావాలంటే మీరే చదవండి మాణిక్యమ్మ గారూ,” అని విశ్వనాథ్ ఆ కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. “చదివేదేముందండి? నా మాట నేను చెప్పాను.”

శ్రీరామమూర్తి రిటైరైన తెలుగు మాస్టారు. ఇరవై ఏళ్లుగా ఆవిడ పక్కన రాజు ఆయనే. ఈ మధ్య వాళ్లిద్దరి గురించి ఊళ్లో గుసగుసలు ఎక్కువయ్యాయి. ఎక్కడ నాటకమైనా ఆవిడ ఆయన స్కూటర్ మీదే వస్తోంది. దిగాక ఆయన భుజం మీద చెయ్యి వేసి మెట్లెక్కుతోంది. తెర వెనక కూడా ఆయన్ని ఆనుకునే నిలబడుతోంది. ఇదివరకు ఈ చోద్యం లేదు.

“నాకు రాజు వేషం వద్దు విశ్వనాథ్ గారూ,” అన్నాడు శ్రీరామమూర్తి నెమ్మదిగా. “ద్వారపాలకుడి వేషం ఇవ్వండి. ఆవిడతో పాటు స్టేజీ మీద ఉంటే చాలు నాకు.”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“ద్వారపాలకుడు వాళ్ల లెక్కలో లేడండీ. చెప్పిన వేషాలకే వీసాలు ఇప్పిస్తామన్నారు,” అన్నాడు విశ్వనాథ్. ఆవిడ వైపు తిరిగి బతిమాలాడు. “అమ్మా, ఒక్కసారి ఈ కుర్రాడితో చేసి చూడండి. నచ్చకపోతే అప్పుడు చెబుదురుగాని.”

కుర్రాడు సూర్యతేజ. భీమవరం నుంచి పిలిపించారు. మంచి గొంతు, నిలువెత్తు మనిషి. అప్పటికే కండువా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

రత్నమాణిక్యం ఒళ్లో కాగితం తీసి పక్కన పెట్టింది. చివరికి లేచింది. శ్రీరామమూర్తి ఆవిడ్ని వేదిక మధ్య దాకా తీసుకొచ్చి పక్కకి తప్పుకున్నాడు.

ఉద్యానవనం సీను. సూర్యతేజ పద్యం ఎత్తుకున్నాడు. కొత్త తరం కదా, ఒకచోట నిలబడలేదు. పాడుతూనే వేదికంతా కలయదిరిగాడు. పద్యం ముగించి, చప్పుడు లేకుండా ఆవిడకి ఎడమ పక్కకొచ్చి మోకాలి మీద కూర్చున్నాడు.

రత్నమాణిక్యం జవాబు పద్యం అందుకుంది. గొంతులో ఎప్పటి మాధుర్యమే. కానీ కుడి పక్క ఉన్న ఖాళీ కుర్చీకేసి పాడుతోంది.

“అమ్మ గారూ, నేనిటున్నానండి,” అన్నాడు సూర్యతేజ.

ఆవిడ మొహం కందిపోయింది. పాట ఆగిపోయింది. సూర్యతేజ సర్దుకుని, సీను ప్రకారం ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి విదిలించుకుంది.



అప్పుడు మూలనుంచి శ్రీరామమూర్తి పిలిచాడు. “చంద్రవంకా!”

ఆవిడ చటుక్కున అటు తిరిగింది. సూర్యతేజ భుజానికి రాసుకుంటూ నడిచి వెళ్లి శ్రీరామమూర్తి ఎదురుగా నిలబడింది. మిగిలిన పద్యమంతా ఆయనకే పాడింది. పాడుతుంటే కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. హార్మోనియం వాయించే బంగార్రాజు ఆపాలో వాయించాలో తెలియక వాయిస్తూనే ఉన్నాడు.

సూర్యతేజ కండువా తీసి కుర్చీ మీద విసిరేశాడు. “నా మొహం చూడ్డానికి కూడా ఇష్టం లేని మనిషితో నేను చెయ్యలేనండి. వాళ్లిద్దరి మధ్యా నేనెందుకు?” అని దిగి వెళ్లిపోయాడు.

విశ్వనాథ్‌కి ఒళ్లు మండిపోయింది. సమాజం పుట్టాక మొదటిసారి విదేశం నుంచి పిలుపు. ఇన్నాళ్లకి అందివచ్చిన అవకాశాన్ని ఈ ముసలి ప్రేమ ముంచేసేలా ఉంది. ఆవిణ్ణి వదిలేసి వెళ్లడానికి లేదు. ఆయన్ని తీసుకెళ్లడానికీ లేదు. ఆయన్ని ఆపగలిగింది ఒక్కరే అనిపించింది. రిహార్సల్ ఆపించి, తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్లాడు.

మాస్టారింకా ఇంటికి రాలేదు. ఆయన భార్య బాలాత్రిపురసుందరి కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది.

“రండి బాబూ, కూర్చోండి. కాఫీ తెస్తాను.”

“వద్దండి. ఒక మాట చెప్పి వెళ్లిపోతాను. మీ సంసారం బాగుండాలనే చెబుతున్నాను, తప్పుగా అనుకోకండి.” విశ్వనాథ్ గొంతు సవరించుకున్నాడు. “మాస్టారు మాణిక్యమ్మ గారిని విడిచి ఉండలేకపోతున్నారండి. ఆవిడా అంతే. ఇవాళ అందరి ముందూ పరువు పోయింది. మలేషియా వెళ్లనని ఆయన చేతే చెప్పించండి. ఆయన గట్టిగా చెబితే ఆవిడే దారికొస్తుంది.”

ఆవిడ తలెత్తలేదు. చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది.

“అంటే, మీకు తెలియదనుకుంటానండి... ఊళ్లో జనం ఏమంటున్నారో...”

“తెలుసు,” అంది. “రోజూ పొద్దున్నే ఆవిడ ఇంటికి ఆయన్ని పంపించేది నేనే.”



బాలాత్రిపురసుందరి కత్తిపీట వాల్చి లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుని, వెళ్లి వీధి తలుపు గడియ పెట్టింది.

“ఈ మాట ఎవరికీ చెప్పనని ఆవిడకి ఒట్టేశాను. ఇప్పుడు ఒట్టు తప్పుతున్నాను,” అంది. “మాణిక్యానికి రెండు కళ్లూ కనిపించక ఏడాది దాటిందండి.”