మస్కట్‌లో ఏ సబ్బుపొడి మంచిది?

“నురగ ఎంతొస్తే బట్ట అంత శుభ్రమని ఎవరు చెప్పేరండీ మీకు?”

బాత్రూం గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని అడిగింది సౌభాగ్య. లోపల ఆమె మొగుడు సన్యాసిరావు లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, పీట మీద కూర్చుని, బకెట్టుతో కుస్తీ పడుతున్నాడు. రాయ్‌పూర్ అవతల వాళ్లుండే మోప్కా కాలనీ బోరు నీళ్లకి నురగ రాలేదని అర ప్యాకెట్టు సబ్బుపొడి కుమ్మరించేశాడు. నురగ అంతంతమాత్రమే వచ్చింది గాని, తెల్లచొక్కా నిండా పొడి ముద్దలు ముద్దలుగా అంటుకుంది. కాలరు మీద మురికి మాత్రం కులాసాగా ఉంది.

“ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవోడిని నేను. నాకు నువ్వు నేర్పుతావేటే?”

“చొక్కా చప్పుడు చెయ్యదు కదండీ. కళ్లు పెట్టి చూసుకోవాలి మరి.”

సన్యాసిరావు ముప్పై ఆరేళ్లు రైల్వే లోకో షెడ్డులో పనిచేసి, ఎనిమిది నెలల కిందట రిటైరయ్యాడు. అన్నేళ్లలో ఎన్ని ఇంజన్లు విప్పి బిగించాడో లెక్కలేదు గాని, తన బనీను తాను ఉతుక్కున్న పాపాన పోలేదు. గ్రీజు యూనిఫాం విప్పి గుమ్మంలో పడేస్తే, మర్నాడు డ్యూటీ వేళకి అది మడతలతో మంచం మీద ప్రత్యక్షమయ్యేది. ఎలా వచ్చేదని ఆయనెప్పుడూ ఆరా తీయలేదు.

ఇప్పుడు అవసరం పడింది. సౌభాగ్య అక్కకూతురు తనూజ మస్కట్‌లో టిఫిన్ హోటలు పెట్టింది. మన మనిషి ఒకరుంటే తప్ప నడవదు, రెండేళ్లు ఇక్కడే ఉండాలి, అని ఫోను చేసింది. మన మనిషంటే మేనేజరు. మేనేజరంటే పాతికమంది చేత పని చేయించిన సన్యాసిరావు. ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర పక్కింటి పోలయ్యకి ఈ వార్త అందింది. మర్నాటికి సగం మోప్కాకి తెలిసిపోయింది.

సౌభాగ్య ఒక్కటే మెలిక పెట్టింది.

“ఇకమీదట ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కోవాలి. ఆదివారం లోపల ఒక్క తెల్లచొక్కా మీ చేత్తో శుభ్రంగా ఉతికి చూపించండి. అప్పుడే టిక్కెట్టు తియ్యమని చెప్తాను. లేపోతే మస్కటూ లేదు, గిస్కటూ లేదు.”

ఊరంతా చెప్పుకున్నాక మస్కట్ లేదంటే, టీ కొట్టుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? పరువు మొత్తం ఇప్పుడు ఒక చొక్కా కాలరు మీద ఆధారపడింది.

బుధవారం ఆయన నెహ్రూ నగర్‌లో ఉన్న పెద్ద దుకాణానికి వెళ్లాడు. అరల నిండా రకరకాల ప్యాకెట్లు, సీసాలు. “భయ్యా, సబ్‌సే మెహంగా వాలా దీజియే. ఫారిన్ జానా హై,” అని అన్నిటికంటే ఖరీదైనది అడిగాడు గొంతు పెంచి. ఊదారంగు పూల బొమ్మ ఉన్న సీసా చేతిలో పెట్టాడు దుకాణదారు.

సాయంత్రానికి చొక్కా పెళ్లిమండపంలా ఘుమఘుమలాడింది. కాలరు నల్లగానే ఉంది.

సౌభాగ్య సీసా తిప్పి చూసింది. “ఇది ఉతకడానిక్కాదు. ఉతికేక ఆఖర్న నీళ్లలో కలిపే వాసన మందు. మురికికి అత్తరు రాసేరు మీరు.”

“మరి మస్కట్‌లో ఏ పేరుది కొనాలే?”

“పేర్లు బట్టీ పడితే లాభం లేదు. ఊరు మారితే పేర్లు మారిపోతాయి. ముందు నీళ్లు చూడండి. సబ్బు గీకి గ్లాసు నీళ్లలో కలపండి. నురగ రాకుండా తెట్టు కట్టిందా, ఆ నీళ్లకి సబ్బుబిళ్ల పనికిరాదు, పొడే కావాలి. మిషనుకైతే నురగ తక్కువొచ్చే పొడి, చేతికైతే వేరేది. కాలరుకి ముందే పొడి రుద్ది అరగంట వదిలీండి. రంగుబట్టల్ని తెల్లవాటితో కలపకండి. వాసన చూసి మాత్రం కొనకండి.”

“అచ్ఛా, ఈ బోరు నీళ్లతో నాకేటి పని? మస్కట్‌లో ఇవే నీళ్లుంటాయేటి?”

“ముందు ఈ నీళ్లతో గెలవండి.”

గురువారం చొక్కా పసుపుపచ్చ తువ్వాలుతో కలిసి నానింది. శుక్రవారం చాకిరేవు పెట్టినంత హడావుడి చేసి గుండీలు రెండు ఊడగొట్టాడు.

“ఏటి గురూ,” గోడ మీంచి తల పెట్టాడు పోలయ్య, “మస్కట్‌లో మేనేజరు పోస్టా, ధోబీ పోస్టా?”

“ఫారిన్‌లో మేనేజర్లు ఉతుక్కుంటారురా. నీకేటి తెలుసు!”

ఆ రాత్రి భోజనాల దగ్గర సౌభాగ్య ఇంకో మాట చెప్పింది. “ఇది అయ్యేక కుక్కరు నేర్పుతాను.”

“హోటలు మేనేజరుకి అన్నం దొరకదేటే?”

“మూడు పూటలా హోటలు తిండి మీ కడుపుకి పడతాదేటి?”

నిజమే, పడదు. తన గురించి ఇంత ముందుచూపు ఉన్న పెళ్లాం దొరికినందుకు సన్యాసిరావు లోలోపల మురిసిపోయాడు.

ఆదివారం పొద్దున్న దండెం మీద ఇంకో తెల్లచొక్కా మెరిసింది. కొలిచి వేసిన పొడి, అరగంట నానిన కాలరు, మూడుసార్లు జాడింపు. సౌభాగ్య కాలరు ఎండకి ఎత్తి పట్టింది, చంకలు చూసింది, చేతుల అంచులు తిరగేసింది.

“పాసయ్యేరండీ,” అంది చివరికి, కొంగుతో కళ్లు ఒత్తుకుని. అక్కడే నిలబడి ఫోను చేసింది. “తనూజా, ఇంక నాకు బెంగ లేదే. టిక్కెట్టు తీసీ.”

గంటలో ఫోను టింగుమంది. సన్యాసిరావు దాన్ని లాక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, గోడ దగ్గరికి నడిచాడు. కళ్లజోడు పెట్టుకుని, పోలయ్యకే కాదు, అవతల రెండిళ్లకి కూడా వినిపించేలా చదవడం మొదలెట్టాడు.

“రాయ్‌పూర్ నుంచి ముంబై! ముంబై నుంచి మస్కట్! ప్రయాణం చేసేవారి పేరు...”

“ఆగిపోయేవేటి గురూ? చదువు!” అన్నాడు పోలయ్య.

ఉన్నది సౌభాగ్య పేరొక్కటే.