రన్‌వే మీద మనిషి

“ఇవాళ ఎగురుద్దా సారూ?”

రెక్క కింద పడుకుని బోల్టులు బిగిస్తున్న డేవిడ్‌రాజు తల తిప్పి చూశాడు.

పాత మోపెడ్ పక్కన ఎవరో సన్నటి మనిషి. అరవై దాటినట్టున్నాయి.

“ఇవాళ కాదు.”

“మరెప్పుడు?”

“ఇంకా చాలా పనుంది పెద్దాయనా.”

ఆ మనిషి తలూపాడు. గోడౌన్ పక్కనున్న చేలో కాసేపు అటూ ఇటూ తిరిగి, మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

డేవిడ్‌రాజు జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. సొంత చేతులతో చిన్న విమానం కట్టి, అందులో తనే ఎగరాలని ఆయన కోరిక. అల్యూమినియం గొట్టాలు, రెక్కలకు గుడ్డ, ఒక ఇంజను, ఒకే ఒక్క సీటు. సెలవులన్నీ దానికే పోయేవి.

నందిగామ వ్యాపారి కుటుంబరావు వీరులపాడు దారిలో ఖాళీగా ఉన్న తన పత్తి గోడౌన్ ఇచ్చాడు. “పక్క చేను కూడా వాడుకోండి. చేనాయనతో నేను మాట్లాడా” అన్నాడు. డేవిడ్‌రాజు ఆ చేను మీద రోలర్ తిప్పించి రన్‌వే చేసుకున్నాడు.

చూడ్డానికి జనం వచ్చేవారు. విమానం ముందు నిలబడి సెల్ఫీలు తీసుకునేవారు.

ఆ మోపెడ్ మనిషి మాత్రం విమానం వంక చూసేవాడు కాదు. “ఇవాళ ఎగురుద్దా?” అని అడిగేవాడు. కాదనగానే నేల చూసుకుంటూ తిరిగేవాడు.

“విమానం కోసం వచ్చి విమానం వంక చూడడేంటి క్రిస్టీ?” అని భార్యను అడిగాడు డేవిడ్‌రాజు.

“మతి సరిగ్గా లేదేమో, పాపం.”

“మాట బాగానే ఉందే.”

ఎండాకాలం చివర్లో ఆ మనిషి కొత్త ప్రశ్న వేశాడు.

“వానలకు ముందే ఎగురుద్దా సారూ?”

డేవిడ్‌రాజుకు ఏమీ అర్థం కాలేదు. వానకు తడిస్తే పాడైపోతుందనా? విమానం తనది. బెంగ ఈయనకెందుకు?

“చెప్పలేను” అన్నాడు.

తొలి జల్లు పడి నేల ఆరాక, ఒక సాయంత్రం డేవిడ్‌రాజు ఇంజను వేసి, విమానాన్ని నేల మీదే పరిగెత్తించాడు. వేగం పుంజుకుంటుండగా ముందు ఎవరో కనిపించారు. రన్‌వే మధ్యలో గొంతుక్కూర్చుని, మట్టి పిడికిట్లోకి తీసుకుని నలుపుతున్నాడు ఆ మనిషి.

డేవిడ్‌రాజు పక్కకు తిప్పాడు. చక్రం గట్టుకు తగిలింది. విమానం ఒరిగి, ఎడమ రెక్క చివర విరిగిపోయింది.

ఆ మనిషి పరిగెత్తుకొచ్చాడు. “దెబ్బేం తగల్లేదుగా సారూ?”

డేవిడ్‌రాజు సీట్లోంచి కిందికి దూకాడు.

“ఎవరయ్యా నువ్వసలు? నీకేం పని ఇక్కడ? ఇంకోసారి ఈ చేలో కాలు పెట్టావంటే ఊరుకోను.”

ఆ మనిషి పిడికిట్లో మట్టి కింద వదిలేశాడు. విరిగిన రెక్క వైపు మొదటిసారి చూశాడు.

“సరే సారూ” అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

రెక్క బాగయ్యేసరికి వానలు ముదిరాయి. క్రిస్మస్‌కు ముందు ఒక ఉదయం విమానం లేచింది. కింద మునేరు నీళ్ళు తళతళలాడాయి. చేతులూపుతున్న జనంలో డేవిడ్‌రాజు కళ్ళు ఆ సన్నటి మనిషి కోసం వెతికాయి. ఎందుకో ఆయనకే తెలియలేదు.

పేపర్లో ఫోటో పడింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఎగురుతూనే ఉన్నాడు.

“చేనిచ్చినాయనకు ఒక్క మాటైనా చెప్పారా?” అంది క్రిస్టీ ఫిబ్రవరిలో ఒకరోజు.

“వెళ్ళాలి. ఇంకో ఏడాది ఉంచమని కూడా అడగాలి.”

కుటుంబరావు ఆచూకీ చెప్పాడు. “వీరులపాడులో ప్రేమానందం అని అడగండి.”

“అసలు ఊరికే ఎందుకిచ్చాడండీ ఆయన?”

“నేనూ అదే అడిగా. ‘అంత కష్టపడుతున్నాడంటగా, పాపం’ అన్నాడు. అంతే.”

డేవిడ్‌రాజు స్వీట్ల పెట్టెతో వీరులపాడు వెళ్ళాడు. రేకుల ఇంటి ముందు ప్రేమానందం భార్య ఆదెమ్మ బియ్యం చెరుగుతోంది. ఆయన్ను చూడగానే లేచి కుర్చీ వేసింది.

“విమానం సారు కదండీ? పేపర్లో మీ ఫోటో చూపించాడు. ఎంత సంతోషపడ్డాడో.”

“ఆయన లేరా అమ్మా?”

“మధిర అవతలికి పోయాడండి. మిరపకాయలు కొయ్యడానికి, కూలికి.”

“సొంత చేను పెట్టుకుని కూలికెళ్ళడమేంటి?”

 ఆదెమ్మ చేట కింద పెట్టి, నెమ్మదిగా అంది.

“మీ పనైందని మీరు చెప్పాకే దున్నుకుంటానని కుటుంబరావుగారికి మాటిచ్చాడండి, అది అడుగుదామనే వచ్చేవాడు, మీరేమో ఇంకోసారి ఆ చేలో కాలు పెట్టొద్దన్నారంటగా.”