రుతువులన్నీ అమ్మమ్మవే

“ఇందులో నేను యాడుండానే?” అని రంగనాయకమ్మ మనవరాలిని నిలదీసింది.

రేపు కొమరోలు బడిలో ఉగాది సంబరాలు. రుతువుల మీద తానే కట్టిన కవితను యామిని అందరి ముందూ చదవబోతోంది. ఊరంతా వస్తుంది. ఊరి సంగతి అటుంచితే, యామిని అమ్మమ్మ సుబ్బరత్నమ్మ గిద్దలూరులో బస్సెక్కి వచ్చి మరీ ముందు వరసలో కూర్చుంటుంది.

యామిని మళ్ళీ చదివింది.

“ఎండలొచ్చె, వేపపూలు వాకిలంత రాలిపోయె
అమ్మమ్మ విసనకర్ర గాలివాన తెచ్చిపోయె
చినుకు పడితె కందిచేను పచ్చకోక కట్టుకొనియె...”

చేను కోక కట్టుకోవడం దగ్గర రంగనాయకమ్మ ఒళ్ళు పులకరించిన మాట నిజం. విసనకర్ర ఊపితే గాలివాన రావడమూ ఎంతో బాగుంది. చేతులు వాటంతటవే కోలాటపు దరువు వేశాయి. కానీ ఊపేది గిద్దలూరు చెయ్యి కదా, అక్కడ కడుపు మండింది. ఏడాది పొడుగునా జడలు వేసేది తను, కవితలోకెక్కింది సెలవుల్లో కనబడే ఆవిడ.

“ఆయమ్మ ఇంట్లో ఏసీ ఉండాది గదే, విసనకర్ర యాడిది?”

“కవిత్వంలో ఉంటాది నాయనమ్మా.”

రంగనాయకమ్మ ఇంకోసారి దరువు వేసి చూసింది. అమ్మమ్మ దగ్గర అడుగు కుంటుతోంది. అక్కడ నాయనమ్మ అని పెట్టి పాడింది. కోలకు కోల తగిలినట్టు సరిగ్గా పడింది.

“చూసినావా? నీ పాటే నన్ను పిలస్తా ఉంది.”

యామిని తెగ ఆలోచించినట్టు ముఖం పెట్టింది. మార్చాలంటే మనసు రావాలంది. ఆకలి మీద అది రాదంది. రంగనాయకమ్మ పొయ్యి వెలిగించింది. సజ్జపిండిలో బెల్లం కలిపి, బూరెలు వేసి, వేడివేడిగా పళ్ళెంలో పెట్టి ముందుంచింది.

బూరె నములుతూనే యామిని పేరు మార్చి చదివింది. ఈసారి గాలివాన తెచ్చింది నాయనమ్మే. రంగనాయకమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. రేపు ముందు వరసలో వియ్యపురాలి ముఖం ఎట్ల మాడిపోతుందో తలచుకుని లోలోపల నవ్వుకుంది.

అంతలో ఫోను మోగింది. సుబ్బరత్నమ్మ.

“వదినా, పొద్దున్నుంచీ పొయ్యి కాడే ఉండాను, పాపకు అరిసెలు తెస్తా ఉండానని చెప్పు. నిన్న ఫోన్లో కవిత వినిపించింది, అన్ని రుతువుల్లోనూ నువ్వే ఉంటివి. అరిసెలు తెస్తే నీ పేరు తీసి నా పేరు పెడతానంది.”