బిహోగో మూపురం

"దాన్ని కొలవక్కర్లేదమ్మాయ్, అది ఒట్టి పనికిమాలిన ఆవు" అంటూ ముసలి కటుంగ్యే కర్ర అడ్డం పెట్టాడు.

టేపు పట్టుకున్న అతుహైరె ఆగింది. ఆమె పశువుల సంఘం ఉద్యోగి. ఆమెతో వచ్చిన లారీ దొడ్డి బయట ఆగి ఉంది. పక్క మందల ఆవులు కొన్ని అప్పటికే అందులో ఉన్నాయి. అవి తడికల వెనక కనబడటం లేదు, అరుపులే వినబడుతున్నాయి.

కటుంగ్యేకు ఆ అరుపులు చాలు. తాతల కాలంలో రాజుగారి మనుషులు మందలో అందమైన ఆవును ఏరి మరీ తోలుకుపోయేవారట. అప్పటినుంచి ఆ ఇంట్లో కొత్తవాళ్ల ముందు తమ ఆవును మెచ్చుకునే అలవాటు లేదు. అందులోనూ బిహోగో అనే ఈ ముదురెరుపు ఆవు ఆయన ప్రాణం. పొద్దున్నే దాంతో నాలుగు మాటలు చెప్పాక గానీ పాలు ముట్టడు.

"తాతా, ముందు మా పద్ధతేంటో వినండి..."

"మీ పద్ధతులు మా తాత చూశాడులే. కానీ, కొలువు."

"సంఘం మీటింగుకెళ్లి వినిరమ్మంటే ఆవుల్ని వదిలి కదలనన్నాడు" అంది భార్య కెమిరెంబె.

అతుహైరె టేపు చుట్టింది. "కొమ్ము నాలుగడుగులు! మొదలు రెండు చేతులకీ అందట్లేదు. ఇది అసలైన అంకోలే జాతి."

"కొమ్ములదేముంది, నీళ్లెక్కువ తాగితే పెరుగుతాయి."

కెమిరెంబె ఫక్కున నవ్వింది. "పెళ్లయినప్పట్నించీ నువ్వూ తాగుతున్నావుగా, ఏవయ్యా నీ కొమ్ములు?"

మూపురం దగ్గరే చిక్కొచ్చింది. అంకోలే మూపురం చిన్నది, మెడవైపు ఉంటుంది. బోరాన్ జాతి మూపురం పెద్దది, భుజాల మీద కూర్చుంటుంది. బిహోగోది అటూ ఇటూ కాకుండా ఉంది. పైగా గంగడోలు బాగా వేలాడుతోంది.

"కొమ్ములేమో అంకోలే అంటున్నాయి, గంగడోలేమో బోరాన్ అంటోంది. ఇలాంటప్పుడు యజమాని మాటే రాసుకుంటాం. దీని తండ్రి ఏ జాతి తాతా?"

కటుంగ్యే మొహం వెలిగిపోయింది.

"బోరాన్. కంచె దూకొచ్చిన దిక్కుమాలిన ఎద్దు."

"అబద్ధం!" కెమిరెంబె గయ్యిమంది. "నా పుట్టింటి ఎద్దునా దిక్కుమాలిందంటావు? ఏడు తరాల అంకోలే అది!"

"దీనికి మతిపోయింది. నా మాటే రాసుకో."

"వేలిముద్ర వేశాక మార్చడం కుదరదు మరి."

"ఒకటేం ఖర్మ, పదివేళ్లూ వేస్తా."

వేశాడు. పెళ్లాం వంక గెలిచినట్టు చూసి, బిహోగో మెడ నిమిరాడు. ఈసారికి గండం గడిచిందనుకున్నాడు పాపం.

అతుహైరె కాగితం మడిచి లారీవైపు చెయ్యి ఊపింది. ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని వచ్చారు.

"ఏయ్, దాన్నెందుకు పట్టుకుంటారు? అది కల్తీదని చెప్పాగా!"

"అందుకే తాతా. ఇకనుంచి ఈ కొండమీద అసలైన అంకోలే ఆవులే ఉండాలని సంఘం తీర్మానించింది. లారీ ఎక్కేవి కల్తీవే."