గుహలో జిలేబీ

ఫరీదాబాద్ దాటాక అడవిలో ఒక గుహ ఉంది. తెల్లవాళ్ళ మీద తిరగబడినవాళ్ళ రహస్య స్థావరం అది, ఇప్పుడు స్మారకం. చుట్టాలొస్తే మా ఆర్.కె. పురం తెలుగువాళ్ళు ఎర్రకోట చూపిస్తారు గానీ ఇటువైపు రారు. అందుకే, పెళ్ళంటూ చేసుకుంటే ఇతన్నే అనుకున్న అబ్బాయిని వెంటబెట్టుకుని అక్కడికెళ్ళాను. ఇంట్లో ఆఫీసని చెప్పాను.

లోపల మా నాన్న కూర్చుని జిలేబీ తింటున్నారు. ఆయనకి షుగరు. ఇంట్లో వాకింగని చెప్పారు.

ముగ్గురం గోడ మీది బోర్డు చదవడం మొదలుపెట్టాం. ‘ఇక్కడ దాక్కున్నవారికి ఒకరి పేరు మరొకరికి తెలియదు. అందుకే పట్టుబడినా ఎవరూ ఎవరినీ పట్టివ్వలేదు.’

అంతలో అమ్మ ఫోన్ చేసింది.

“వాకింగని వెళ్ళిన మీ నాన్న ఫోనెత్తట్లేదే. నీకేమన్నా చెప్పారా, ఎక్కడికెళ్తున్నారో?”

నాన్న చేతిలో జిలేబీ నోటి దగ్గరే ఆగిపోయింది.

“లేదమ్మా. నేను మీటింగులో ఉన్నా.”

నాన్న ఊపిరి పీల్చుకున్నారు. పొట్లంలో మిగిలిన జిలేబీ తీసి ఆ అబ్బాయి చేతిలో పెట్టారు.

“నీ పేరేంటి బాబూ?”

అతను నోరు తెరిచేలోగా నాన్న మళ్ళీ బోర్డు వైపు చూశారు.

“వద్దులే, చెప్పకు. ముందు మా ఆవిడకి దొరికిపోయేది నేనే.”