కావలి మనిషి

కొత్తపేట వెనక కొత్త కాలనీలో ఇంకా నాలుగిళ్లే లేచాయి. ఇంటికి అలారం గంట పెట్టిద్దామన్నాడు రాజయ్య.

"గీ ఖాళీ ప్లాట్లల్ల గంట మోగితే ఎవరొస్తరు? మనిషే నయం," అంది భార్య కౌసల్య. అట్లా జంగయ్యను కావలికి పెట్టుకున్నారు.

చీరల కోసం రాజయ్య పోచంపల్లి వెళ్లిన రాత్రి కరెంటు పోయింది. కౌసల్య ఒక్కతే ఉంది. ముందు తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

"అమ్మా, నేను జంగయ్యను. జర తలుపు తియ్యుండ్రి."

తెలిసిన గొంతే. ఆమె గడియ మీద చెయ్యి వేసింది. అంతలో పెరటి తలుపు అవతల నుంచి అదే గొంతు వణుకుతూ వినబడింది.

"తియ్యకుండ్రి అమ్మా. జంగయ్యను నేను."

కౌసల్య గడియ మీంచి చెయ్యి తీసేసింది. కాసేపు ఎటువైపూ చప్పుడు లేదు. తర్వాత రెండు తలుపుల మీదా ఒకేసారి, ఒకే తీరుగా, మెల్లగా తట్టడం మొదలైంది.