మళ్ళీ మొలుస్తుందిగా!

సముద్రం అడుగున ఒక రాతిసందులో నక్షత్ర చేప కాపురం ఉండేది. పక్కనుండే పీత ఆకలేసినప్పుడల్లా వచ్చి, దాని చేతుల్లో ఒకటి పుటుక్కున తుంచుకుపోయేది.

"ఏడుస్తావెందుకక్కా? మళ్ళీ మొలుస్తుందిగా!" అనేది పోతూ పోతూ.

నోరు మూసుకు బతకడం అలవాటైన ముత్యపుచిప్ప కూడా, "అదీ నిజమే కదమ్మా, సర్దుకుపో" అంది.

నక్షత్ర చేపకు ఒళ్ళు మండిపోయింది. "నొప్పి పడేది నేను. మొలిచేదాకా నెలల తరబడి కుంటుతూ పాకేది నేను. సర్దుకుపొమ్మనడానికి మాత్రం మీరా?" అని అరిచింది. పీత నవ్వుకుంటూ పోయింది.

ఒళ్ళు పెరిగినప్పుడల్లా పాత పెంకు విడిచి, కొత్తది గట్టిపడేదాకా ఎక్కడో దాక్కోవడం పీతల పద్ధతి. ఒకనాడు అలా పెంకు విడిచిన పీత, వెన్నముద్దలాంటి ఒంటితో పరుగెత్తుకొచ్చింది. వెనకాలే ఆక్టోపస్ తరుముకొస్తోంది.

"అక్కా, కాస్త జరుగు! లోపల దాక్కుంటాను. నా కాళ్ళు పీకేస్తుంది!"

నక్షత్ర చేప మిగిలిన నాలుగు చేతులూ సందుకు అడ్డంగా చాచింది.

"ఏడుస్తావెందుకు తమ్ముడూ? కాళ్ళేగా! మళ్ళీ మొలుస్తాయిగా!"

ముత్యపుచిప్ప ఈసారి ఎవరినీ సర్దుకుపొమ్మనలేదు.